పేము కుర్చీ కుట్ర

“డిటెక్టివ్‌లు రెండు రకాలు, బావమరిదీ. నేరం జరిగాక తీరిగ్గా వచ్చేవాళ్ళు ఒక రకం. నేను రెండో రకం,” అన్నాడు బావ, టార్చిలైటు నా మొహం మీదికి తిప్పి. అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. కిటికీలోంచి కావలసినంత ఎండ వస్తోంది.

రెండో రకం ఏం చేస్తుందని నేను అడగలేదు. పదకొండేళ్ళుగా ఆయనకు బావమరిదిగా ఉంటున్నవాణ్ణి, ఏది అడగకూడదో నాకు తెలుసు. అయినా ఆయనే చెప్పాడు. రెండో రకంవాడు నేరం జరగకముందే ఆ చోట ఉంటాడట. నేరస్థుడి బుర్రలోకి దూరిపోతాడట. చివరికి నేరస్థుడెవరో తానెవరో తేడా తెలియనంతగా లీనమైపోతాడట. ఈ మాటలు నేను అప్పుడు పట్టించుకోలేదు. తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకున్నాను.

బావది నీటి మీటర్ల రీడింగు రాసుకునే ఉద్యోగం. ఇరవై ఏళ్ళుగా ఇంటింటికీ వెళ్ళి, మెట్ల కింద, గోడల సందుల్లో టార్చి వేసి వంగి చూస్తూ బతికాడు. అలా చూసీ చూసీ తనకు అందరి గుట్టూ తెలుసన్న నమ్మకం ఏర్పడింది. వీధిలో అందరూ ఆయన్ని ‘టార్చి’ అంటారు. ఆయన దాన్ని బిరుదు అనుకుంటాడు. ఇప్పటిదాకా మూడు కేసులు ఛేదించాడు. వాటిలో రెండు వాటంతట అవే తేలిపోయాయి. మూడోదాంట్లో, పోయిన గొడుగు ఆయన చంకలోనే ఉంది.

నాలుగోది మా అక్క కేసు. అందుకే నాకు నవ్వు రాలేదు.

మా అక్క పేము కుర్చీలు అల్లుతుంది. ఇస్త్రీ షాపుకీ జిరాక్స్ షాపుకీ మధ్య ఇరుకు గది ఆమెది. లోపలికి వస్తే ముందు తడి పేము వాసన తగులుతుంది. ఒక మూల తొట్టిలో పేము బద్దలు నానుతుంటాయి. పైన కొక్కేలకు, సీటు లేని కుర్చీ చట్రాలు కాళ్ళు పైకెత్తుకుని వేలాడుతుంటాయి. చట్రం చుట్టూ వరసగా ఉన్న చిల్లుల్లోంచి అక్క ముందు నిలువు లాగుతుంది, తర్వాత అడ్డం, మళ్ళీ నిలువు, మళ్ళీ అడ్డం, ఆపైన ఐమూలగా రెండు వరసలు. అంతా తడి మీదే అల్లాలి. ఆరాక పేము బిగుసుకుని డప్పులా మోగుతుంది. అప్పటిదాకా, అంటే రెండు రోజులపాటు, దాని మీద ఎవరూ కూర్చోకూడదు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, బావకి తప్ప. బావకి కూడా చాలాసార్లు చెప్పాం.

ఈమధ్య కుర్చీలు రావడం తగ్గిపోయింది. అప్పుడు నేనే ఒక ఉపాయం చెప్పాను. నాకు ప్రింటింగ్ ప్రెస్సులో మధ్యాహ్నం షిఫ్టు, పొద్దుటిపూట ఖాళీ. ఫోటోలు పంచుకునే యాప్‌లో షాపు పేరుతో ఒక ఖాతా తెరిచాం. చిరిగిన కుర్చీని ‘ముందు’ అనీ, అల్లిన కుర్చీని ‘తర్వాత’ అనీ పక్కపక్కన పెట్టడం నా వంతు. కిటికీ వెలుగు పది గంటలకు సరిగ్గా సీటు మీద పడుతుంది, ఆ పావుగంటలోనే తీసేవాణ్ణి. ఖాతా తెరిచిన రోజు బావ పక్కనే నిలబడి అడ్డం వస్తుంటే, ఏదో ఒక పని అప్పజెబితే ఊరుకుంటాడు కదా అని, భద్రతకు సంబంధించిన ఏర్పాట్లన్నీ ఆయన చేతికిచ్చాను. ఫోన్ మీద వంగి సాయంత్రమంతా ఒక్కొక్కటే నొక్కుతూ కూర్చున్నాడు. చివరికి లేచి, ఇక ఈ కోటలోకి చీమ కూడా దూరలేదని ప్రకటించాడు.

రెండు నెలలు గడిచాయి. ఫోటోలకు లైకులు వచ్చాయి, మామూలుగా కాదు. అక్క వేళ్ళు ఐమూల వరస లాగుతున్న వీడియో ఒకటి ఎవరెవరికో నచ్చి, నాలుగు వేలమంది ఫాలోయర్లు చేరారు. వాటిని చూసి మాత్రం ఒక్క కుర్చీ కూడా రాలేదు.

“ఇంతమంది చూస్తున్నారు కదరా తమ్ముడూ, వీళ్ళలో ఒక్కరింట్లో కూడా చిరిగిన కుర్చీ లేదంటావా?” అని అక్క ఒకరోజు అడిగింది. మామూలుగానే అడిగింది. ఆ ఆశ పెట్టింది నేనే.

పెద్దరోడ్డు మీద ఒక ఫర్నిచర్ షోరూం ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఆకాశమంత ఎత్తున పేర్చి ఉంటాయి. దాని యజమాని మంచివాడే. వచ్చే సోమవారం నుంచి కౌంటర్‌లో కూర్చోమని అక్కని అడిగాడు. శనివారం సాయంత్రంలోగా వచ్చి చెబుతానని అక్క అంది. వస్తానంటే షాపు మూసేయాలి. అక్క కొత్త పేము తెప్పించడం మానేసింది. తొట్టిలో నానుతున్నదే ఆఖరి కట్ట.

అలాంటి మంగళవారం నాడు బావ నా మొహం మీద టార్చి వేసి, ఇది సహజమైన నష్టం కాదు, దీని వెనక ఒక అదృశ్యహస్తం ఉంది అన్నాడు. షాపు ఫోన్‌ని సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నాడు. ఫోటోల కింద జనం రాసిన వ్యాఖ్యలన్నీ టార్చి వెలుగులో చదివాడు. ఫోన్‌కి దాని వెలుగు దానికే ఉంటుందని చెప్పినా వినలేదు. ‘చాలా బాగుంది’లూ ‘చేతులకు దండం’లూ దాటుకుంటూ పోయి, రెండు చోట్ల ఆగాడు. ఆయన మొహం పాలిపోయింది.

మొదటిది పిల్లి బొమ్మ పెట్టుకున్న ఎవరో రాసింది. ‘అసలు బతికే ఉన్నారా?’

రెండోది బొమ్మే లేని ఖాతా నుంచి వచ్చింది. ‘మూడుసార్లు అడిగాను. ఇదే చివరిసారి.’

“చూశావా? ప్రాణానికి ఎసరు పెడుతున్నారు. ఒకడు ఆరా తీస్తున్నాడు, ఇంకొకడు గడువు పెడుతున్నాడు. ఇది ముఠా పని,” అన్నాడు బావ.

“ఏం అడిగారండీ అని జవాబు రాస్తే సరిపోతుంది కదా బావా?”

బావ ఫోన్‌ని గుండెకి అదుముకున్నాడు. నేరస్థుడితో మాట కలిపితే మన ఆచూకీ వాడికి తెలిసిపోతుందట. వాడు పన్నిన వల అదేనట. ఇక మీదట ఎవరూ ఏ వ్యాఖ్యకీ బదులివ్వకూడదని ఆజ్ఞ వేశాడు. ఫోటోలు తీసే పావుగంట మాత్రం ఫోన్ నాకిచ్చి, పక్కన కాపలా ఉంటానన్నాడు. నేను సరే అన్నాను. ఆ ఒక్క వాక్యం అప్పుడే టైపు చేసి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. కానీ ‘చివరిసారి’ అన్న మాట చూశాక, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ కొంచెం భయమేసింది.

బుధవారం ఆయన అనుమానం షోరూం యజమాని మీదికి పోయింది. షాపు మూతపడితే లాభం ఎవరికి, అన్నది ఆయన సూత్రం. టోపీ పెట్టుకుని, నల్లకళ్ళద్దాలు తగిలించుకుని, ఎవరికీ తెలియని కొనుగోలుదారుడి వేషంలో షోరూంలో అడుగుపెట్టాడు. “రండి టార్చి గారూ, మీ ఆవిడ ఏమన్నారు?” అని యజమాని కుర్చీ వేశాడట. అక్కడ ఏం విచారించాడో తెలియదు గానీ, తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఒక ఎర్ర ప్లాస్టిక్ స్టూలు ఉంది. సాక్ష్యం, అన్నాడు. అక్క అల్లుతున్న చెయ్యి ఆపి, పేము కుర్చీల మధ్య నిలబడ్డ ఆ స్టూలుని చాలాసేపు చూసింది. ఆ రోజు బావ మీద నాకు నిజంగానే కోపం వచ్చింది.

గురువారం పొద్దున అసలు నిందితుడు కనబడ్డాడు.

తాటిచెట్టంత పొడుగు మనిషి. ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడి మా షాపు వైపే చూశాడు. తర్వాత రోడ్డు దాటి వచ్చి, కిటికీ దగ్గర వంగి, అద్దంలోంచి అక్కడున్న కుర్చీ సీటుని తదేకంగా చూశాడు. పెదాలు కదులుతున్నాయి, ఏదో లెక్కపెడుతున్నాడు. జేబులోంచి కొలత టేపు తీసి అద్దానికి ఆనించి కొలిచాడు. చిన్న పుస్తకంలో రాసుకుని, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు.

“కొలతలు తీసుకుంటున్నాడు,” అన్నాడు బావ, కుర్చీల చాటునుంచి.

“దేనికి?”

“సరుకు ఏ తలుపులోంచి పడుతుందో చూసుకోవడానికి.”

అడిగేస్తే పోలా అన్నాను. అడిగితే చెప్పేవాడు దొంగ ఎందుకవుతాడని బావ నా నోరు మూయించాడు. శుక్రవారం ఆ మనిషి మళ్ళీ వచ్చి, మళ్ళీ లెక్కపెట్టి వెళుతుంటే, బావ నీటి మీటర్లను వాటి ఖర్మానికి వదిలేసి వెంటపడ్డాడు. రెండు గంటల తర్వాత నడుం పట్టుకుని తిరిగొచ్చాడు. ఆయన నివేదిక ప్రకారం, నిందితుడు మెయిన్‌రోడ్డు దాటి, పార్కు చుట్టి, గ్రంథాలయంలోకి దూరి మాయమైపోయాడు. వాడు బయటికి వచ్చేదాకా కాపు కాద్దామని బావ పత్రిక అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఏమైందో ఆయనకి స్పష్టంగా గుర్తులేదు. ఎవరో భుజం తట్టి, ఇక్కడ నిద్రపోకూడదండీ అన్నారట. కళ్ళు తెరిచేసరికి వెళ్ళిపోతున్న బూట్లు మాత్రం కనిపించాయి.

“పైగా అక్కడి కుర్చీలన్నీ గుంటలు పడిపోయి ఉన్నాయి. కూర్చుంటే నడుం నేలకి తగులుతోంది,” అని బావ ఫిర్యాదు చేశాడు. ఆ మాట కూడా నేను పట్టించుకోలేదు. తెలివితక్కువతనం ఆయన ఒక్కడి సొత్తేమీ కాదు.

శనివారం వచ్చింది. అక్క పొద్దున్నే వచ్చి ఆఖరి కుర్చీ పూర్తి చేసింది. చేతులున్న పెద్ద కుర్చీ. అంచు కట్టు కట్టి, మిగిలిన కొస తెంపి, అరచేత్తో సీటుని ఒకసారి నిమిరింది. దుమ్ము పడకుండా పల్చటి గుడ్డ కప్పింది. తొట్టిలో నీళ్ళు పారబోసింది. ఖాళీ తొట్టి చప్పుడు విని నేను బయటికి చూస్తూ నిలబడ్డాను. పదకొండింటికి షోరూంకి వెళ్ళి సరే అని చెప్పి వస్తానంది. మొహం కడుక్కోవడానికి వెనక గదిలోకి వెళుతూ, “అది ఇంకా పచ్చిగా ఉంది, దాని మీద ఎవరూ కూర్చోకండి,” అంది. ‘ఎవరూ’ అన్నప్పుడు బావనే చూసింది.

బావ వినలేదు. ఆయన అప్పటికే పథకంలో ఉన్నాడు. నిందితుడు వరసగా రెండు రోజులు కొలతలు తీసుకున్నాడు కాబట్టి మూడో రోజు దాడి తప్పదట. ఆ గుడ్డ కింద తాను నక్కి ఉంటాడట. నిందితుడు లోపలికి రాగానే ఫోన్‌తో ఫోటో తీసి, టార్చి వేసి పట్టుకుంటాడట.

“బావా, అది తడి కుర్చీ.”

“కూర్చోను. అంచు మీద ఆనుతాను, అంతే. పిల్లిలాగా.”

గుడ్డ కప్పుకుని చట్రం ముందంచు మీద ఆనుకున్నాడు. బయటినుంచి చూస్తే కుర్చీకి కడుపు వచ్చినట్టుంది. ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో టార్చి. పారబోసిన నీళ్ళు నేల మీద ఇంకా ఆరలేదు. అదెవరూ గమనించలేదు.

తలుపు గంట మోగింది. పొడుగాయన తల వంచుకుని లోపలికి వచ్చాడు. గది చుట్టూ చూసి, గొంతు సవరించుకుని, “ఇక్కడ కుర్చీలు అల్లేవారు...” అని మొదలుపెట్టాడు.

“కదలకు. నీ ఆట కట్టు,” అంటూ కుర్చీ లేచి నిలబడబోయింది.

కాళ్ళు నీళ్ళ మీద జారాయి. బావ వెనక్కి, సరాసరి సీటు మధ్యలో పడ్డాడు. తడి పేము పాపం సాగగలిగినంత సాగింది, ఆ తర్వాత చేతులెత్తేసింది. బావ నడుం కిందికి దిగిపోయింది, మోకాళ్ళు గడ్డానికి తగిలాయి, కాళ్ళు రెండూ కుర్చీ చేతుల మీదుగా గాల్లో నిలిచాయి. టార్చి వెలిగింది గానీ ఆయన మొహం మీదే వెలిగింది. ఫోన్ మాత్రం వదల్లేదు. పడుతున్నంతసేపూ బొటనవేలితో దాని మీద ఎక్కడపడితే అక్కడ నొక్కుతూనే ఉన్నాడు.

అక్క తడి మొహంతో పరుగెత్తుకొచ్చింది. పొడుగాయన గోడకి అంటుకుపోయి ఉన్నాడు. నేను బావ చేతులు పట్టుకుని లాగితే కుర్చీతో సహా వచ్చాడు. రెండు చేతులా పట్టు దొరకాలని ముందు ఆయన చేతిలోని ఫోన్ లాక్కున్నాను. అలా లాక్కుంటూ తెర వైపు చూశాను.

అది నేనెప్పుడూ చూడని పేజీ. పైన ఇలా ఉంది: ‘మీకు పరిచయం లేనివారి సందేశాలు. మీరు కోరినట్టుగా వీటిని దాచి ఉంచాం. మొత్తం అరవై ఒకటి.’

నేను ఒక్కొక్కటే పైకి చదివాను. మా నాన్నగారు చదువుకునే కుర్చీకి సీటు జారిపోయింది, బాగుచేస్తారా? మీ షాపు ఎక్కడండీ? నాలుగు కుర్చీలున్నాయి, ఎప్పుడు తీసుకురమ్మంటారు? పిల్లి బొమ్మ ఆవిడ వరసగా అయిదు రాసింది. ఊగే కుర్చీ ఉందండీ, పిల్లి కూర్చుని కూర్చుని చీల్చేసింది, బతికే ఉన్నారా, కాస్త పలకండి. ఆ తర్వాత బొమ్మ లేని ఖాతా. ‘గ్రంథాలయం పఠనమందిరంలో నలభై పేము కుర్చీలు అల్లించాలి. దయచేసి తెలియజేయండి.’ అదే మాట మూడుసార్లు, మూడు వేరు వేరు తేదీల్లో.

“అది నాదేనండీ,” అన్నాడు పొడుగాయన, గోడని వదలకుండానే.

ఆయన గ్రంథాలయం చూసుకునే అధికారి. మూడుసార్లు అడిగినా బదులు లేకపోయేసరికి, ఇష్టం లేదేమో అనుకున్నాడట. ఊళ్ళో వాకబు చేసి షాపు కనుక్కున్నా, లోపలికి రావడానికి మొహమాటపడి, తమ కుర్చీల అల్లికా ఇదీ ఒకటేనా అని కిటికీలోంచే చిల్లులు లెక్కపెట్టుకుని వెళ్ళాడట. సోమవారంలోగా ఎవరూ దొరక్కపోతే ఆ నలభై కుర్చీలూ తీసేసి ప్లాస్టిక్‌వి వేయమని పైవాళ్ళు చెప్పారు. అందుకే ఈ రోజు ధైర్యం చేసి తలుపు తీశాడు.

“ఎన్ని అన్నారు?” అని అడిగింది అక్క.

“నలభై. చేతుల్లేనివి ముప్పై ఆరు, చేతులున్నవి నాలుగు.”

అక్క చుట్టూ చూసింది. దగ్గరలో కూర్చోవడానికి ఎర్ర ప్లాస్టిక్ స్టూలు తప్ప ఇంకేమీ లేదు. దాని మీదే కూర్చుంది. నా చేతిలోని ఫోన్ చూపించి, “అయితే ఇవి ఎవరు దాచమన్నారు?” అంది.

నాకు ఖాతా తెరిచిన సాయంత్రం గుర్తొచ్చింది. కోట గుర్తొచ్చింది. నేను బావ వైపు చూశాను. నేను చూస్తే అక్కా చూసింది. విషయమేమీ తెలియకపోయినా పొడుగాయన కూడా చూశాడు.

మోకాళ్ళ మధ్యనుంచి బావ అన్నాడు: “ముక్కూమొహం తెలియనివాళ్ళని లోపలికి రానివ్వకూడదని...”

“షాపుకి వచ్చేది ముక్కూమొహం తెలియనివాళ్ళే కదండీ,” అంది అక్క.

బావ టార్చి ఆర్పేశాడు. ఆయన తనంతట తాను టార్చి ఆర్పడం నేను చూడ్డం అదే మొదలు. “నీ పేరూ షాపు అడ్రసూ ఊరందరికీ తెలిసిపోతాయి, ఎవడైనా నిన్ను పిచ్చి మాటలంటాడేమోనని భయపడ్డాను. నీ పొట్ట మీద కొడుతున్నానని తెలియదు,” అన్నాడు. కుర్చీలో అలా ముడుచుకుపోయి, కళ్ళలో నీళ్ళతో ఉన్నవాణ్ణి తిట్టడం ఎవరివల్ల అవుతుంది? నావల్ల కాలేదు. ఎన్ని తిట్లు సిద్ధం చేసుకున్నానో నాకే తెలుసు.

అక్క నవ్వింది. రెండు నెలల్లో మొదటిసారి, స్టూలు కదిలేలా నవ్వింది. నవ్వు ఆగాక షోరూంకి ఫోన్ చేసి, క్షమించండి, నేను రాలేను, నాకు కుర్చీలున్నాయి అని చెప్పింది. పొడుగాయనని సోమవారం మొదటి పది పంపమంది. ఇక బావ సంగతి మిగిలింది. ఆరుతున్న పేము అప్పటికే బిగుసుకుంటోంది. ఎంత ఆలస్యమైతే అంత గట్టిగా పట్టేస్తుంది. కత్తెరతో కోస్తే తప్ప రాడు. అక్క కత్తెర తెచ్చింది. తెచ్చి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ముందు ఆ అరవై ఒక్కరికీ జవాబులు రాయండి. క్షమాపణతో మొదలుపెట్టి రాయాలి. అప్పుడు కోస్తాను,” అంది.

రాశాడు. గాల్లో కాళ్ళతో, ఒక్క వేలితో, మధ్యాహ్నం దాకా రాశాడు. పొడుగాయన పక్కన నిలబడి అక్షరదోషాలు దిద్దాడు. ముప్పయ్యోది దాటేసరికి బావకి ప్రాణం లేచొచ్చింది. నేను మొదటే చెప్పానుగా, నేరం జరగకముందే ఆ చోట ఉన్నాను, నేరస్థుణ్ణి పారిపోకుండా కుర్చీకి బంధించింది కూడా నేనే అన్నాడు. కేసుల పుస్తకంలో నాలుగు అని రాసుకోమన్నాడు. రాసుకున్నాను, ఏం చేస్తాను.

అరవై ఒకటోది పంపాక, కత్తెర పడకముందే నేనొక ఫోటో తీసి ‘ముందు’ అని పెట్టాను. కింద మాట అక్క చెప్పింది. ‘ఈ కుర్చీని మేం బాగుచేస్తాం. అందులో ఉన్నదాన్ని బాగుచేయడం మావల్ల కాదు.’

ఆ ఫోటోకి పడిన మొదటి లైకు బావదే.